చెదలు పట్టని కారు

1968 ఆగస్టు 29, గురువారం

ఈ పుస్తకం నా ఒక్కడిది. నా భార్య మంగళ చిన్నప్పుడు నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్‌లో మరాఠీ బడికి పోయింది. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరం రాదు. నా మోటరు షెడ్డుకు వచ్చేవాళ్లలో కూడా తెలుగు చదవగలిగినవాడు లేడు. నిజామాబాద్‌లో మేనమామ ఇంట ఉండి ఏడో తరగతి దాకా చదివినందుకు ఇన్నేళ్లకు ఒక లాభం కనిపించింది. ఏం రాసినా బల్ల మీదే వదిలేయొచ్చు.

ఇవాళ రాధాకిషన్ సేట్ నన్ను కంధార్ రోడ్డు జాగీర్దారు బంగ్లాకు తీసుకెళ్లాడు. మా నాందేడ్ వజీరాబాద్‌లో వాళ్లది బట్టల దుకాణం. తండ్రి పోయాక తల్లి యమునాబాయి, ఇతనూ నడుపుతున్నారు. సేట్‌కు ఇరవై నాలుగేళ్లు, పోయిన ఏడు పెళ్లయింది. జాగీర్దారు చనిపోయాక బేగంసాబ్ హైదరాబాద్ వెళ్లిపోతూ రెండు స్పోర్ట్స్ కార్లను అమ్మకానికి పెట్టిందని తెలిసినప్పటినుంచి ఈయనకు అన్నం సయించడం లేదు.

రెండూ విలాయతివి, ఒకే కంపెనీవి, ఇద్దరు కూర్చునేవి. నల్లది యాభై ఒకటో సంవత్సరపు పాత తరం బండి. నిటారు ముక్కు, వెనక వీపున స్టెప్నీ, తలుపుల కింద కర్ర చట్రం. ఎర్రది యాభై ఏడోది, దాని తరవాతి తరం. గుండ్రంగా, నున్నగా, నేలకు ఆనుకుని ఉంది. తలుపుకు బయట పిడి కూడా లేదు, లోపల చేయి పెట్టి తాడు లాగాలి.

"మౌళన్నా, నాకు రంగు తప్ప ఏం ఎర్క లేదు. నువ్వు ఏది అంటె అది," అన్నాడు సేట్.

పితృపక్షం మొదలైతే కొత్త వస్తువు ఇంటికి రాకూడదని యమునాబాయి గట్టిగా చెప్పింది. అంటే వారం రోజుల్లో తేల్చాలి.

సెప్టెంబరు 1, ఆదివారం

రెండింటినీ నడిపాను, రెండింటి కిందా దూరాను.

నాందేడ్‌లో ఉండే మనిషి ఏది కొనాలి అనే దాంట్లో తల బద్దలు కొట్టుకోవాల్సింది ఏమీ లేదు. పాతదే. నేలకు ఎత్తుగా ఉంటుంది, మన రోడ్ల కంకర దాన్ని ఏమీ చేయదు. బానెట్ రెండు పక్కలా తెరుచుకుంటుంది, ప్రతి నట్టూ చేతికి అందుతుంది. సామాను దొరక్కపోతే జీపుదో లారీదో సవరించి వేయొచ్చు. అరవై మైళ్లు దాటాలంటే దాన్ని బతిమాలాలి. ఇరవై నాలుగేళ్లవాడి చేతిలో అలా ఉండడమే మంచిది.

కొత్తది తొంభై దాటుతుందట. సామాను ఏది కావాలన్నా బొంబాయి నుంచే రావాలి. పైగా ఎక్కడో ఒకసారి గట్టిగా గుద్దుకుంది. ఎడమ వైపు ముందు రేకు మీద రంగు కింద లప్పం ఉంది. గోటితో కొడితే చప్పుడు మారుతుంది. ఇరవై రెండేళ్లుగా వింటున్న చెవులు ఇవి.

రేపు సేట్‌కు చెప్పేస్తాను.

సెప్టెంబరు 2

చెప్పలేదు. పాతదాన్ని ఇంకోసారి చూడాలని వెళ్లాను. చూడడానికి కొత్తగా ఏమీ లేదు. తోలు సీటులో కూర్చుని స్టీరింగ్ పట్టుకుని ఉన్నాను, అంతే. బంగ్లా లెక్కలు చూసే మున్షీ వచ్చి, "క్యా మిస్త్రీ, నమాజ్ పఢ్ రహే క్యా?" అని, నమాజు చదువుతున్నావా అన్నట్టు నవ్వాడు.

ముప్పై ఎనిమిదేళ్లు నాకు. వేరేవాళ్ల బండ్లే నడిపాను, వేరేవాళ్ల బండ్లే కడిగాను. దాని ఇంజన్ చప్పుడు ఇంటికి వచ్చాక కూడా చెవిలో ఉంది.

సెప్టెంబరు 3

పాతదాని తలుపు కింది కర్రలో మరలు తిప్పే పేచ్‌కస్ గుచ్చి చూశాను. గోరంత కూడా దిగలేదు. పదిహేడేళ్ల కర్ర ఇంత గట్టిగా ఉండడం నేను చూడలేదు. సేట్ అవతల నిలబడి ఎర్రదాని తలుపు తాడు లాగి వదులుతున్నాడు.

"ఎట్లున్నది మౌళన్నా?"

"చెదలు," అన్నాను.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. తెలుసు. నిన్నటినుంచి నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను.

సేట్ ముఖం వెలిగింది. అతని మనసు ముందే ఎర్రదాని మీద ఉంది, నేను ఊ అనడమే తక్కువ. "నాకు అనిపిచ్చింది, పాతది పాతదే. అయితె ఎర్రదే నక్కీ?" అన్నాడు. ఖాయం, నక్కీ అన్నాను. అతను కోరుకున్నదే నేను చెప్పాను గదా, ఇందులో ఎవరికి ఏం నష్టం.

సెప్టెంబరు 5

ఎర్ర కారు సేట్ ఇంటికి చేరింది. యమునాబాయి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించింది. సేట్ భార్య సుమంగళ అయిదో నెల. కారు చుట్టూ తిరిగి చూసి, "ఇంట్ల ముగ్గురైతె దీంట్ల ఎక్కడ కూసుంటరు?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకూ మిఠాయి పెట్టారు.

తరవాత బంగ్లా దగ్గర మున్షీ పాతదాన్ని చూపించి, చెదలు పట్టిందాన్ని హైదరాబాద్ దాకా ఎవడు మోసుకుపోతాడు, రెండు బండ్లు పరీక్షించిన కూలీ కింద నువ్వే తీసుకుపో అన్నాడు. మొగమాటానికి రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి అనలేదు.

సెప్టెంబరు 9, సోమవారం

ఎర్రది సర్వీసుకు వచ్చింది. చక్రాలు విప్పాను. ఎడమ ముందు చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ మీద రంగు కొంచెం తేడాగా కనిపించింది. గ్యాస్‌నూనె, అదే కిరసనాయిలు, పూసి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్ద రాశాను. పగులు ఉంటే లోపలికి ఇంకిన నూనె మెల్లగా బయటికి ఊరి సుద్ద మీద గీత పడుతుంది. మా ఉస్తాదు నేర్పిన పద్ధతి.

గీత పడింది. సన్నగా. నూనె మరక కావచ్చు.

సెప్టెంబరు 10

నూనె మరకే.

సెప్టెంబరు 12

సేట్ బండి కోసం వచ్చే ముందు మళ్లీ చూశాను. మరక కాదు. ఎప్పుడో గుద్దుకున్నప్పుడు వంగిన ఆర్మ్‌ను ఎవడో కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తెతో సాపు చేశాడు. అలా చేయకూడదు. చేసినవాడికీ తెలిసే ఉంటుంది, చేసి రంగు పూసి అమ్మేశాడు. ఎంత అన్యాయపు మనిషి.

బొంబాయి దుకాణానికి కొత్త ఆర్మ్ కోసం జాబు రాశాను. అది వచ్చిన రోజు సర్వీసు పేరు చెప్పి మార్చేస్తాను. సేట్‌కు చెప్పి భయపెట్టడం ఎందుకు? చెబితే ఎర్రది వద్దంటాడు. అది వద్దంటే పాతది కావాలంటాడు. పాతది కావాలంటే చెదలు ఏవి అంటాడు.

బండి ఇచ్చి పంపాను. "మెల్లగ నడుపుండ్రి సేట్, ఇంజన్‌కు జర అలవాటు కానియ్యండ్రి," అన్నాను. అతను మెల్లగానే నడుపుతాడు. తెచ్చినప్పటినుంచి ఒక్కసారి కూడా నలభై దాటలేదట.

సెప్టెంబరు 15, ఆదివారం

పాతది స్టార్టయింది. పద్నాలుగేళ్ల సంసారంలో మంగళను మొదటిసారి మోటరులో కూర్చోబెట్టి గోదావరి ఒడ్డు దాకా తీసుకెళ్లాను. కొంగు ఎగిరిపోతుంటే పళ్లతో పట్టుకుంది. నాకు దొరగారినైనంత సంతోషమైంది. దాన్ని ఒప్పుకోకుండా ఉండలేను.

దిగాక ఆమె తలుపు కింది కర్ర మీద వేళ్లతో కొట్టి చూసి, ఏమండీ అనడానికి ఎప్పటిలా మరాఠీలో పిలిచింది.

"అహో, దీనికి చెదలు పట్టినయ్ అన్నరు గద. ఏడున్నయ్?"

"నేను బాగు చేసిన," అన్నాను.

ఇంకేమీ అడగలేదు. అడగని రోజుల్లోనే ఆమె ఎక్కువ ఆలోచిస్తుంది.

సెప్టెంబరు 22

సేట్ గాలి పట్టించుకోవడానికి వచ్చాడు. అతను టీ తాగుతుండగా కిందికి వంగి సుద్ద రాశాను. గీత ఒక నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు, పెరిగింది. గోరంతే. అంతే.

బొంబాయి జాబు ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. చిరునామా సరిగ్గా ఉందో లేదో కనుక్కుని వేద్దామని ఆగాను.

సెప్టెంబరు 30, సోమవారం. పొద్దున

ఇవాళ ఖండేనవమి, ఆయుధపూజ. పానాలు, సుత్తెలు, జాకీ, అన్నీ కడిగి ఎర్రగుడ్డ మీద పేర్చాము. మంగళ పసుపు కుంకుమ పెట్టి దీపం వెలిగించింది. పూజకెక్కిన పనిముట్టును దసరా దాటేదాకా ఎత్తకూడదు. మా నాయన మగ్గం కూడా ఈ రెండు రోజులు ఆగేది. ఆకలైనా ఆగేది.

హారతి ఇస్తుంటే సేట్ వచ్చాడు. చెప్పులు బయట విడిచి దండం పెట్టుకున్నాడు.

"మౌళన్నా, స్టీరింగ్ ఎడమకు గుంజుతున్నది. జర చూస్తవా?"

"పానాలు పూజల ఉన్నయ్ సేట్."

అతను నాలుక కరుచుకున్నాడు. "అవును గద. నేనే మర్సిన. పండుగ అయినంక చూద్దాం తియ్."

"ఎటు పోతున్నరు?"

"హిమాయత్‌నగర్. సుమంగళ పుట్టింటికి పోయింది గద, తీస్కస్త. దసర నాడు కోడలు ఇంట్ల ఉండాల్నని అమ్మ ఒకటే పోరు."

"బస్సుల పోరాదు?"

"ఆర్నెల్ల మనిషిని బస్సుల ఎట్ల తేవాలె మౌళన్నా?"

నా వెనక దీపం ఉంది, పానాలు ఉన్నాయి, మంగళ ఉంది. "అయితె మెల్లగ పోండ్రి," అన్నాను.

"ముప్పై దాటనియ్య. ఒట్టు," అన్నాడు.

పండుగ పూట పానా ఎత్తకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు. ఎవరిని అడిగినా ఇదే చెప్తారు.

అదే రోజు, దీపాల వేళ

భోకర్ దాటాక. బాలన్న అనే రైతు దసరాకు బంతిపూల ఎడ్లబండి తోలుకుపోతున్నాడు. ఎడ్ల పక్కన నడుస్తున్నాడు. కారు ఉన్నట్టుండి ఎడమకు తిరిగి అతన్ని బండికి అదిమేసింది. సేట్‌కు జబ్బ ఎముక విరిగింది. సుమంగళ ఇంకా ఎక్కలేదు. ఆమె ఎక్కలేదు. ఎక్కలేదు.

బాలన్నను ఇక్కడి దవాఖానకు తెచ్చారు.

అక్టోబరు 1. దసరా

పోలీసు జమాదారు భోకర్‌కు పిలిపించాడు. ఈ జిల్లాలో ఇలాంటి బండి విప్పినవాడివి నువ్వొక్కడివే, పంచనామాలో నీ మాట రాయాలి అన్నాడు.

కారు రోడ్డు పక్కన ఉంది. దాని మీదా కిందా బంతిపూలు. ఎడమ ఆర్మ్ రెండు ముక్కలై వేలాడుతోంది. విరిగిన చోటు చూశాను. మూడొంతుల్లో రెండొంతులు నల్లగా తుప్పు పట్టి ఉంది, అంటే అది పాత పగులు. మిగిలిన ఒక్క వంతే తళతళలాడుతోంది. ఆ ఒక్క వంతు ఇనుము నిన్నటిదాకా ఆ సేట్ పిల్లవాణ్ని మోసింది.

"గాడీత్ ఆధీ కాహీ దోష్ హోతా కా?" అన్నాడు జమాదారు. బండిలో ముందునుంచే లోపం ఉందా అని.

అతనికి ఆ నలుపు కనిపిస్తూనే ఉంది. అదేమిటో తెలియదు. అది చదవగలిగినవాడు అక్కడ నేను ఒక్కడినే.

"నాహీ," అన్నాను. దెబ్బకు విరిగింది, వేగం ఎక్కువై ఉంటుంది అని చెప్పాను. అతను మరాఠీలో రాశాడు. సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి వీధివాళ్లు జమ్మి ఆకు పట్టుకుని కూర్చున్నారు. బంగారం తీసుకో మౌళన్నా అని చేయి చాపారు. నాకు ఒంట్లో బాగాలేదని లోపలికి వెళ్లి పడుకున్నాను.

అక్టోబరు 3

యమునాబాయి కబురు పంపింది. బాలన్న భార్య సంగవ్వకు తెలుగు తప్ప రాదు, దవాఖానలో డాక్టరు మరాఠీ మనిషి, మధ్యలో నువ్వు ఉండి చెప్పాలి అంది. ఇంత మందిలో నేనే దొరికాను. వెళ్లాను.

సంగవ్వకు నలభై అయిదు ఉంటాయి. డాక్టరు చెప్పింది నేను చెప్తున్నాను, ఆమె అడిగింది ఆయనకు చెప్తున్నాను. ఒకటి మాత్రం చెప్పడం లేదు. ఆమె సేట్‌ను తిడుతోంది. మొగుడి కాళ్ల దగ్గర కూర్చుని, గొంతు పెంచకుండా, జొన్నలు చెరిగినంత నిదానంగా తిడుతోంది.

"ఆని ఇంట్ల దీపం ఆర. ఆని చేతులు పడిపోను. ఆని పెండ్లానికి కడుపట గద, ఆ ఇంట్ల ఉయ్యాల ఊగకుండ పోను."

"కాయ్ మ్హణ్‌తే తీ?" అని డాక్టరు నన్ను అడిగాడు. ఏమంటోంది అని.

దేవుణ్ని మొక్కుతోంది అన్నాను.

అక్టోబరు 4

వెళ్లాను. చాయ్ తీసుకెళ్లాను. "నువ్వు మంచోనివి తమ్మీ," అంది.

అక్టోబరు 7, సోమవారం

బాలన్న పోయాడు. పొద్దున తొమ్మిదింటికి. డాక్టరు నాకు చెప్పాడు. నేను ఆమెకు చెప్పాలి. మరాఠీలో ఆ మాట విన్నప్పుడు ఏమీ కాలేదు. దాన్ని తెలుగులోకి మార్చి ఆమె ముందు పెట్టాల్సి వచ్చినప్పుడు నా నోరు ఆడలేదు. ఆమె నా ముఖం చూసే తెలుసుకుంది.

నేను చంపాను. ఇక్కడ రాస్తే ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

అక్టోబరు 8

నిన్నటి మాట సరిగ్గా లేదు. నేనొక్కడినే కాదు. ఆర్మ్‌ను కాల్చి సాపు చేసినవాడు ఉన్నాడు. ఎర్ర రంగు చూసి మురిసిన సేట్ ఉన్నాడు. వారంలో కొనాలని తొందరపెట్టిన తల్లి ఉంది.

ఇది రాసి మళ్లీ చదివాను. సిగ్గేసింది.

అక్టోబరు 13

సేట్‌ను జామీను మీద వదిలారు. చూడడానికి వెళ్లాను. చేయి మెడకు కట్టి ఉంది. మనిషి సగమయ్యాడు. వజీరాబాద్ అంతా ఒకటే మాట, డబ్బున్న పొగరు, రేసు కారు, ఏమవుతుంది మరి అని. దుకాణానికి వెళితే జనం చీర చూడడం మానేసి ఇతన్ని చూస్తున్నారట. అందుకే వెళ్లడం లేదు.

సుమంగళ లోపలినుంచి మంచినీళ్లు తెచ్చిపెట్టింది. సంగవ్వ తిట్లు ఎవరో మోసుకొచ్చి చెప్పారు. కడుపు మీద కొంగు నిండుగా కప్పుకుని తిరుగుతోంది, ఎవరైనా చూస్తే తగులుతుందన్నట్టు.

సేట్ నా పక్కకు జరిగి కూర్చున్నాడు. తరవాత అడిగాడు.

"మౌళన్నా, నువ్వు చూసినవ్ గద. అది దెబ్బకే విరిగిందా?"

"దెబ్బకే."

"నాకు ముప్పై మీదనే ఉన్నట్టు యాది. మీటర్ సూది చూసిన. చక్రం నా మాట ఇనలే, దానంతల అదే తిరిగింది అనిపిచ్చింది." చేతిని చూసుకున్నాడు. "కాని నువ్వు అబద్ధం ఎందుకు చెప్తవ్? నేనే జోరుగ పోయిన కావచ్చు. మనిషికి భయంల యాది ఉండదట."

నేను నీళ్లు తాగాను.

"వకీలు లడాయి చేద్దామంటుండు. నాకు వద్దు. కోర్టుల తప్పు ఒప్పుకుంట. ఒక మనిషి పాణం తీసి మల్ల లేదు, కాదు అని ఎట్ల నిలబడాలె?"

నా మాట నమ్మి తన కళ్లనే నమ్మడం మానేశాడు. మనిషి దగ్గరనుంచి దొంగిలించడానికి ఇంతకన్నా ఏముంటుంది? చెప్పేద్దామని నోరు తెరిచాను. యమునాబాయి వచ్చి, "మౌళీ, నువ్వు ఒక్కనివి మా దిక్కు ఉన్నవ్ నాయనా," అంది. మూసుకున్నాను.

అక్టోబరు 21. దీపావళి

దీపాలు పెట్టాము. రాసేది ఏమీ లేదు.

అక్టోబరు 27, ఆదివారం

పాత కారు మీద తాడిపత్రి గుడ్డ కప్పి నెల కావస్తోంది. మంగళ అన్నం పెడుతూ మామూలుగా అడిగింది.

"అహో, ఆ పొద్దు సేట్ అచ్చినప్పుడు, పానా లేకుంటె నోరు కూడ పూజల పెట్టిండ్రా?"

కలిపిన ముద్దను పళ్లెంలోనే వదిలేశాను.

"నీకు ఏం తెల్సు?" అన్నాను.

"సుద్ద రాసుడు నేను చూడలేదా? మీరు గీత చూసి తుడిచేసిండ్రు. పగులు ఉన్నదని ఎవ్వరికన్న చూపెట్టేటోళ్లు తుడువరు. నేను కూడ ఆ పొద్దు దీపం పట్టుకొని నిలబడ్డ. మీరు చెప్తరు చెప్తరు అని చూసిన." పళ్లెంలో కూర వేసింది. "ఇప్పుడు నాకు నిద్ర పడుతలేదు. నాకు కూడ."

ఇంతకాలం పుస్తకాన్ని బల్ల మీద నిర్భయంగా వదిలేశాను. ఆమెకు అక్షరాలు రావు గాని నేను వస్తాను.

నవంబరు 3, ఆదివారం

ఎల్లుండి కోర్టులో సేట్ పేషీ. వరసగా రాస్తాను, దేన్నీ వదలకుండా.

పొద్దున సంగవ్వ ఉన్న చోటికి వెళ్లాను. కోర్టు పిలుపు ఉందని దేగ్లూర్ నాకా దగ్గర చుట్టాలింట్లో ఉంటోంది. గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "రా తమ్మీ," అని పీట జరిపింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కారు పగులు నాకు తెలుసు, మూడు వారాల ముందునుంచి తెలుసు, సేట్‌కు తెలియదు. ఆ పొద్దున పోవద్దు అని ఒక్క మాట అనలేదు. ఎందుకంటే ఒక పాత కారు మీద నాకు ఆశ. పంచనామాలో అబద్ధం రాయించాను. అతను ముప్పై మీదనే పోయాడు.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకుని వెళ్లాను, నిజం చెప్పాలంటే.

ఆమె చేతిలోని చింతపండును పక్కన పెట్టింది.

"అయితె ఆ పిలగాడు ఏం చెయ్యలేదు."

"చెయ్యలేదు అక్కా."

"ఇన్ని దినాలు ఆన్ని తిట్టిన. పొద్దుగాల లేసి తిట్టిన, పండేటప్పుడు తిట్టిన. కడుపుల పిండాన్ని తిట్టిన." నా వైపు చూసింది. "నువ్వు పక్కన కూసోని ఇన్నవ్ గద. చాయ్ తెచ్చిచ్చినవ్. నా నోటికి అంత పాపం అంటుతుంటె ఒక్కసారన్న ఆపు అక్కా అనబుద్ధి కాలేదా?"

మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి, తప్పు తనదన్నట్టు చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది. "ఆ ఇల్లు చూపెట్టు," అంది.

రిక్షా పిలిస్తే ఎక్కలేదు. నాకా నుంచి వజీరాబాద్ దాకా నడిచింది. నేను పది అడుగుల వెనక నడిచాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

యమునాబాయి తలుపు తీసి, ఆమెను చూసి, కోడలికి అడ్డంగా నిలబడింది. సంగవ్వ గడప బయటే ఆగి చేతులు జోడించింది.

"భయపడకమ్మా. తిట్టు ఎనుకకు తీస్కోనీకి అచ్చిన. తప్పు నీ కొడుకుది కాదట. ఈన చెప్పిండు."

అందరూ నన్ను చూశారు. సుమంగళ అత్త వెనకనుంచి మెల్లగా ముందుకొచ్చింది. సంగవ్వ ఆమె కడుపు మీద చేయి పెట్టి, కళ్లు మూసుకుని ఏదో గొణిగింది. తరవాత ఇద్దరూ ఏడ్చారు. యమునాబాయి వాళ్లను లోపలికి తీసుకెళ్లింది. తలుపు మూయలేదు, నన్ను రమ్మనీ అనలేదు.

నేను గేటు బయట నిలబడ్డాను. ఇక్కడినుంచి పోలీసు ఠాణాకు వెళ్లి పంచనామా మాట మార్చి రాయించాలి, దానికి నాకు ఏ శిక్ష వేస్తే అది. అంతకుముందు సేట్ చేతి దెబ్బలు తినాలని నిలబడ్డాను. ఒక చేయి కట్టులో ఉన్నా ఇంకో చేయి బాగానే ఉంది.

అతను బయటికి వచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. గేటు ఊచలు పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. అందులో కోపం వెతికాను, దొరకలేదు. అది రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది, జీవితమంతా వస్తుంది. ఇవాళ దానికి చోటు లేదు.

"మౌళన్నా," అన్నాడు. గొంతు పిల్లవాడిలా ఉంది. "నేను జోరుగ పోలేదు గద?"

"పోలేదు సేట్."

"ముప్పై మీదనే ఉన్న గద?"

"ముప్పై మీదనే ఉన్నరు. చక్రం దానంతల అదే తిరిగింది. మీరు చూసింది నిజమే."

అతను నుదురు ఊచలకు ఆనించి ఏడుస్తున్నాడు. లోపలినుంచి తల్లి పిలిచినా కదలలేదు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

చెప్పాను.